నలభై నాలుగో నంబరు చొక్కా

సెప్టెంబరులో తలకు దెబ్బ తగిలినప్పుడు మా ట్రావిస్ రెండు రోజులు కాఫీ కప్పును బూటు అని పిలిచాడు. "మళ్ళీ తగిలితే నా పూచీ లేదు" అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి వాడు స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేసినా తలుపు బాదేదాన్ని.

"బతికే ఉన్నానమ్మా!" అని లోపలి నుంచి అరిచేవాడు.

హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మాన్పిద్దామంటే మా ఆయన లాయిడ్ ఒప్పుకోలేదు. మా హైస్కూలు ఒకే ఒక్కసారి రాష్ట్ర ఛాంపియన్‌షిప్ గెలిచింది, ఆ జట్టులో ఆయన ఉన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ మంగలి షాపు గోడ మీద ఉంది. చివరికి కోచ్ హబర్డ్ మా వంటింట్లో కూర్చుని, నేను చేసిన పీచ్ పళ్ళ తీపి రొట్టె తింటూ మాటిచ్చాడు.

"తలకు చిన్న దెబ్బ తగిలినా సరే ఒపల్ గారూ, హెల్మెట్ లాక్కుని బెంచీ మీద కూర్చోబెడతా. మీ అబ్బాయి నా అబ్బాయి కాదా?"

నమ్మాను.

నవంబరులో పక్క ఊరివాళ్ళతో ఆట. అది గెలిస్తే మళ్ళీ రాష్ట్ర పోటీలకు వెళ్తాం. మొదటి సగంలోనే ఇద్దరు భారీ కుర్రాళ్ళు ట్రావిస్ మీద పడ్డారు. వాడు లేచి మా బెంచీ వైపు కాక, ఎదుటివాళ్ళ బెంచీ వైపు నడిచాడు.

విరామం తర్వాత తన నలభై నాలుగో నంబరు చొక్కాతో, తల మీద తువ్వాలు కప్పుకుని, వాడు బెంచీ చివర కూర్చుని కనిపించాడు. హెల్మెట్ లేదు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

"చూశావా, కోచ్ మాట తప్పలేదు" అన్నాను పక్కన కూర్చున్న నా స్నేహితురాలు నెల్డాతో.

నెల్డా పాప్‌కార్న్‌లోకి చూస్తూ, "ఊఁ. ఇకనైనా కుదురుగా కూర్చో తల్లీ" అంది.

వాడికి చలేస్తోందేమో, తల తిరుగుతోందేమో. వేడి చాక్లెట్ కొందామని లేచాను. నెల్డా నా కోటు పట్టుకుని లాగింది.

"వెళ్ళకే! పిల్లాడికి నామోషీ."

విదిలించుకుని, కప్పుతో కంచె దగ్గరికి దిగాను.

"ట్రావిస్! ఇటు చూడు నాన్నా!"

తువ్వాలు తొలగింది. దాని కింద ఉన్నది డేల్, ఏడాదంతా బెంచీ దిగని పిల్లవాడు.

"సారీ ఆంటీ. చొక్కాలు మార్చుకోమన్నారు. మీరు చూస్తే గోల చేస్తారని..."

"ఎవరన్నారు?"

వాడు మైదానం గీత పక్కన, బంతి ఎంత ముందుకెళ్ళిందో కొలిచే గొలుసు పట్టుకుని నిలబడ్డ లాయిడ్ వైపు చూశాడు.

డేల్ నంబరు చొక్కా తొడుక్కుని మైదానంలో పరుగెత్తుతున్నది నా కొడుకు. జనం "డేల్! డేల్!" అని అరుస్తున్నారు, పడీపడీ నవ్వుతున్నారు. ఊరందరికీ తెలుసు. నా ఒక్కదాని కళ్ళు కప్పడానికే ఇదంతా.

"లాయిడ్! వాణ్ణి బయటికి పిలువు!"

"ఇంకాసేపే ఒపల్. వాడే ఆడతానన్నాడు. నా పరువు తియ్యకు."

"వాడి ప్రాణం పోతే?"

"నీకెప్పుడూ చావు మాటలే!" అని మొహం తిప్పుకున్నాడు.

కంచె దాటి నేరుగా తెల్లటోపీ రిఫరీ దగ్గరికి వెళ్ళాను. "అయ్యా, వాడు డేల్ కాదు, నా కొడుకు. తలకు దెబ్బ తగిలింది." ఆయన ఈల వేసి, వాడి హెల్మెట్ తీయించి, బయటికి పంపాడు. మా జట్టుకు శిక్ష పడింది. "ఇంటికి పోవే!" అన్న కేకల్లో నెల్డా గొంతు పోల్చుకున్నాను.

ట్రావిస్ తూలుతూ వచ్చాడు.

"అందర్నీ ముంచావు కదమ్మా! జన్మలో నీతో మాట్లాడను."

"మాట్లాడకు. ఇవాళ ఏ వారమో చెప్పు, చాలు."

"బుధవారం."

శుక్రవారం తప్ప మా ఊళ్ళో ఆ మైదానం దీపాలు వెలగవు. లాయిడ్ విన్నాడు. కోచ్ వైపు చూసి, గొలుసు పట్టుకుని గీత దగ్గరికే తిరిగి వెళ్ళాడు.

నేనే వాడి నడుం చుట్టూ చెయ్యి వేసి కారు దగ్గరికి నడిపించాను. దారిలో నా కోటు మీదే వాంతి చేసుకున్నాడు. అయినా నన్ను తిట్టడం మానలేదు.