వెనకొచ్చే బండి

జగ్గయ్యపేట మొత్తం మీద రోడ్డంటే భయభక్తులున్న మనిషి ఎవరయ్యా అంటే కిరాణా హోల్‌సేల్ కనకయ్య పేరే చెప్పాలి. ఆయన మారుతీ కారుకి ముందు బంపరుకి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ, లోపలి అద్దం నిండా దండలూ తాయెత్తులూ, వెనకద్దాన్ని మొత్తం కప్పేస్తూ అమ్మవారి బొమ్మా ఉండేవి. వెనక వచ్చేది కనపడటం లేదని కోడలు చందన ఒకసారి అంటే, "మనం చూడకపోతేనేం, అమ్మ చూస్తుందిగా!" అని ఆ మాట అక్కడికి తుంచేశాడు. సీటు బెల్టు మాత్రం, చొక్కా నలుగుతుందని, ఏనాడూ పెట్టుకున్న పాపాన పోలేదు.

నవ్వకండి. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. చాలా ఏళ్ళ కిందట ఆయన అన్న బసవయ్య సాయంత్రం పూట స్కూటరు బయటికి తీస్తుంటే పిల్లి అడ్డంగా పోయింది. "అన్నయ్యా, లోపలికొచ్చి కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళు" అని కనకయ్య బతిమాలాడు. బసవయ్య నవ్వేసి వెళ్ళాడు. చిల్లకల్లు దాటాక, చీకట్లో లైట్లు లేకుండా హైవే మధ్యలో ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు. కర్మకాండ ముగిసేసరికి లారీ సంగతి అందరూ మర్చిపోయారు. పిల్లి మాత్రం మిగిలింది. మా ఇంటి మనిషిని ఇంకొకరిని ఈ రోడ్డుకి ఇవ్వను గాక ఇవ్వనని కనకయ్య ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు.

అందుకు ఆయన దగ్గర ఖాయమైన పద్ధతి ఒకటుంది. పిల్లి ఎదురైతే బండి ఉన్నచోటే ఆపాలి. వెనకొచ్చే బండి ఏదైనా ముందు దాటిపోవాలి. దోషం దాని నెత్తిన పోతుంది, మనం నిక్షేపంలా బయల్దేరొచ్చు. మరి ఆ వెనక బండివాడి గతేమిటని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనకీ తోచలేదు.

ఆ మాఘమాసంలో చందనకి నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. తీరా చేరే రోజున డ్రైవర్ బాలస్వామి జ్వరంతో పడుకున్నాడు. మొగుడు రాజేష్ సరుకు కోసం బెజవాడ వెళ్ళాడు.

"లైసెన్సు ఉందిగా, నేనే నడుపుతాలెండి మావయ్యగారూ" అంది చందన.

కనకయ్య గుండె గుభేలుమంది. సరే, పక్కన తనుంటే ఏ ప్రమాదమూ దరిచేరదని ధైర్యం చెప్పుకుని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"హారన్ కొట్టమ్మా!"

"ముందు ఎవరూ లేరు మావయ్యగారూ."

"లేకపోతేనేం, రాబోయేవాళ్ళు వింటారు!"

ఒకచోట రైతులు నూర్పిడికని రోడ్డు మీద కందికట్టె పరిచారు. చందన వేగం తగ్గించి అంచునుంచి పోనిచ్చింది.

"మీదనుంచే పోనివ్వకపోయావా? తొక్కితే ఆ రైతుకి పని తప్పేదిగా."

"టైరు జారుతుందండీ. కారు కింద చుట్టుకుంటే నిప్పు కూడా అంటుకోవచ్చు."

పత్తి బస్తాలు ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు అడ్డమొస్తే, అవతలి రోడ్డు కనపడేదాకా ఓపిగ్గా దాని వెనకే వెళ్ళింది. కనకయ్యకి లోలోపల ముచ్చటేసింది. అంతలోనే, బాగా నడిపేవాళ్ళకే కదా దిష్టి తగిలేది అని బెంగ కూడా పట్టుకుంది.

ఆ బెంగని నిజం చేయడానికే అన్నట్టు, మిరప కల్లం పక్కనుంచి ఒక పిల్లి తోకెత్తుకుని దర్జాగా రోడ్డు దాటింది.

"ఆపు! ఆపమ్మా!"

"నడిరోడ్డు మీద ఆపకూడదు మావయ్యగారూ. కాస్త ముందుకెళ్ళి పక్కకి దింపి ఆపుతా."

"మనం దాటాక ఆపి ఏం లాభం, నా పిండాకూడు!" అంటూ కనకయ్య రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు పట్టుకుని గట్టిగా లాగేశాడు. కారు కీచుమని వంకర తిరిగి రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. కాలి బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైట్లు వెలుగుతాయి. చేతి బ్రేకు లాగితే వెలగవు. ఆ సంగతి కనకయ్యకి తెలీదు.

"హమ్మయ్య! ఇక వెనకొచ్చే బండిని ముందు పోనీ" అన్నాడు.

వెనకొచ్చే బండి వచ్చింది. ధడేలుమన్న చప్పుడుకి కారు ముందుకి ఊగింది. అమ్మవారి బొమ్మతో సహా వెనకద్దం పొడిపొడిగా రాలిపోయింది. ఇప్పుడు వెనకంతా శుభ్రంగా కనపడుతోంది. పక్కకి పడిపోయిన స్కూటరు, ఇంకా తిరుగుతున్న చక్రం, దాని పక్కన కదలకుండా ఒక మనిషి.

"అన్నయ్యా!" అని అరిచాడు కనకయ్య.

చందన అప్పటికే దిగి పరిగెత్తింది. "ఊపిరి ఉంది మావయ్యగారూ! మీరు వెనక్కి వెళ్ళి ఆ కండువా ఊపండి, ఇంకోడొచ్చి గుద్దకుండా!"

కనకయ్య వెళ్ళాడు. ముందు పోవాలని తను కోరుకున్న ఆ వెనకొచ్చే బండ్లకే ఎదురు నిలబడి, కండువా ఊపుతూ, "ఆగండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటా, ఆగండి!" అని ఏడుస్తూ అరిచాడు. లారీవాళ్ళు ఆగారు. దిగి, గాయపడ్డ మనిషిని కారు వెనక సీట్లోకి చేర్చి పోయారు. చందన అద్దం మీది దండలన్నీ ఒక్క లాగుడుకి పీకి కింద పడేసి, నందిగామ ఆస్పత్రి వైపు పోనిచ్చింది. కనకయ్య వెనక సీట్లో ఆ మనిషి పక్కనే కూర్చున్నాడు.

ఆ మనిషి పేరు చంద్రమౌళి, ఊరు పెనుగంచిప్రోలు. కాలు విరిగింది, నుదురు చిట్లింది. కనకయ్య ఒళ్ళో తలపెట్టుకుని, దారిలో తెలివొచ్చి మూలిగాడు.

"పొద్దున బయల్దేరేటప్పుడే పిల్లి ఎదురొచ్చిందండీ. కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళమని మా ఆవిడ మొత్తుకుంది. నవ్వేసి వచ్చా."

కనకయ్య అలవాటు చొప్పున "చూశావా అమ్మాయ్!" అనబోయి, అద్దంలో చందన కళ్ళు చూసి ఆగిపోయాడు.

"పిల్లి కాదు నాయనా" అన్నాడు చివరికి, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ. "నడిరోడ్డు మీద ఆగిన బండి. మా అన్నయ్యని చంపిందీ అదే. ఇవాళ ఆపింది నేను."

పెద్దాయన కంటతడి చూసి చంద్రమౌళి మనసు కరిగింది. అంత నొప్పిలోనూ ఆయన చెయ్యి నిమిరాడు.

"ఊరుకోండి బాబాయిగారూ, మీ తప్పేముంది? మీలాంటి పెద్దమనిషి ఊరికే ఆపుతారా! మీకూ ఏ పిల్లో అడ్డమొచ్చి ఉంటుంది."