ఆరోగ్యవంతురాలి రక్తం

దుప్పటి మీది రక్తపు మరకకు వేడినీళ్ళు పోయకూడదు, ఉడికి అంటుకుపోతుంది. చన్నీళ్ళలోనే నానబెట్టాలి. నెలనెలా ఇంట్లోవాళ్ళు లేవకముందే ఆ పని ముగించడం నాకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు. ఈమధ్య మా అమ్మాయి దుప్పటి కూడా తోడైంది. "ఆడపుట్టుక పుట్టాక ఆ మాత్రం ఓర్చుకోవాలి. మేమంతా పడలేదూ?" అంటారు అత్తగారు. అది నీరసంగా పడుకుంటే "దీనికి ఒళ్ళు బద్ధకం" అంటారు. మా ఆయన ఆ మాత్రం కూడా మాట్లాడడు, ఫోన్ అడ్డం పెట్టుకుంటాడు. మా ఇద్దరి మొహాలు పాలిపోవడం ఎవరికీ కనిపించదు. కాఫీ ఆలస్యమైతే మాత్రం వెంటనే కనిపిస్తుంది.

నవ్వొచ్చే సంగతేమిటంటే, నేను పనిచేసేది రక్తం ఆగని పిల్లల జబ్బుల మీద పరిశోధన జరిగే చోట. చిన్న దెబ్బకే మోకాలు ఉబ్బిపోయే పిల్లలు, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని తల్లుల ఒళ్ళో కూర్చునే పిల్లలు వస్తుంటారు. వాళ్ళ రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూడటం నా పని. పోల్చి చూడటానికి పక్కన ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కూడా పెడతాం. ఎప్పుడూ ఇచ్చే నర్సు ఆరోజు సెలవు పెట్టింది. మా పెద్ద డాక్టరుగారు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు బానే ఉన్నావుగా, నీది పెట్టెయ్" అన్నారు. బానే ఉన్నావన్న మాటను నేనెప్పుడూ కాదనలేదు.

మిషన్ చూపించింది చూసి ఆయనకు ఒళ్ళు మండింది. జబ్బు పిల్లాడికీ నాకూ పెద్ద తేడా లేదు. "రక్తం గొట్టాలు తారుమారు చేశావు. ఇంటి ధ్యాస ఇంట్లోనే వదిలి రమ్మని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారు. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఆయన ఇంకొకరి రక్తం తెప్పించి, నాది పారేయించారు.

గొట్టాలు తారుమారు కాలేదని నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ బల్ల ముందు కూర్చుని పరాయి పిల్లల రక్తం చూస్తూ కూడా నా రక్తం మీద ఒక్కసారైనా అనుమానపడలేదు. ఆడవాళ్ళకు పోయేదేగా అనుకున్నాను, ఇంత చదివిన నేను కూడా. ఏడుపొచ్చింది. అంతలో మా అమ్మాయి గుర్తొచ్చింది. మర్నాడే దానికి టాన్సిల్స్ ఆపరేషన్.

ఇంటికొచ్చి చెప్పాను, ఆపరేషన్ వద్దని ఆసుపత్రికి ఫోన్ చేశాననీ, ముందు దాని రక్తం పరీక్ష చేయించాలనీ.

"నన్నడక్కుండానా? సెలవు కూడా పెట్టుకున్నాను," అన్నాడు మా ఆయన. "ఆ పిల్లల మధ్య పనిచేసి చేసి నీకు ఇంట్లో కూడా జబ్బులే కనిపిస్తున్నాయి."

"మా వంశంలో ఎవరికీ లేదమ్మా అలాంటిది," అన్నారు అత్తగారు.

"నాకుంది," అన్నాను.

గది గుమ్మంలో నిలబడి అంతా వింటున్న అమ్మాయి, "అయితే నాది బద్ధకం కాదా అమ్మా?" అంది. దగ్గరికి తీసుకుని కాదని చెప్పాను.

"పుడుతూనే తల్లిని మింగావు," అన్నారు అత్తగారు. "ఇప్పుడు కూతురికి జబ్బు అంటగడుతున్నావా?"

ఆ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నాన్న అన్నాడు, మేనత్తలు అన్నారు. కోపం వచ్చినప్పుడల్లా మా ఆయనా అన్నాడు. విన్న ప్రతిసారీ తల దించుకున్నాను. ఇంటెడు చాకిరీ ఆ పాపానికి శిక్షనుకునే చేశాను. నన్ను కన్నాక రక్తం ఆగక చనిపోయింది అమ్మ. రక్తం ఆగక. ఇంట్లో ఆ మాట వింటూనే పెరిగాను, పనిచేసే చోట రోజూ నా నోటితో నేనే అంటున్నాను. రెండూ ఒకటేనని ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తట్టలేదు.

రక్తపరీక్షకు వెళ్దామని అమ్మాయిని చెప్పులు వేసుకోమన్నాను. అత్తగారి మొహంలోకి సూటిగా చూశాను.

"మా అమ్మదీ ఇదే జబ్బు, అత్తయ్యా. ఆమెను నేను మింగలేదు."