లీల పాటకో ఆంప్లిఫయర్

మిషను పాడైందని మా ఆయన అంటే అది పాడైనట్టే లెక్క. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, బాయిలర్ షాపులో, ఉద్యోగమంతా రివెట్లు కొట్టిన మనిషి. ఇనుము మీద చెయ్యి వేసి దాని జబ్బేమిటో చెప్పగలడు. అందుకే ఇంట్లో టేప్‌రికార్డరు సరిగా పలకడం లేదన్నప్పుడు నేను ఎదురు చెప్పలేదు. నాకు మాత్రం బాగానే వినపడేది. ఆ మాట పైకి అనాలంటే భయమేసేది, ఎందుకంటే అందులో పాడేది మా లీల.

లీలావతి మా ఒక్కగానొక్క కూతురు. మేముండే నిమ్‌పురా పేటలో మన తెలుగువాళ్ల పూజ పందిట్లో, నేను నేర్పిన ఊడుపుల పాట డోలు వాయిస్తుంటే మైకు ముందు నిలబడి పాడింది. మైకువాళ్లు దాన్ని క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చారు. మరుసటి వానాకాలం కామెర్లు వచ్చి పిల్ల పోయింది. ఏడాదిపాటు ఇద్దరం ఆ క్యాసెట్టు ముట్టుకోలేదు. ఒక ఆదివారం ఆయనే తీసి పెట్టాడు. పెట్టెకి చెవి ఆనించి, మొహం చిట్లించాడు.

“మనుసులు మాటాడితే బాగానే ఇనపడతంది గదా. దీంట్లోనే నేదు,” అన్నాడు. హెడ్డు తుడిపించాడు, బెల్టు మార్పించాడు. అయినా అదే మాట. “దీనికి జోరు సాలదే రత్తం. సిన్నదో సితకదో ఆంప్లిఫయర్ ఒకటి తగిలించాల.”

క్యాసెట్టుని చేతిరుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం గోల్‌బజార్‌లో నిమాయ్ దాదా కొట్టుకి వెళ్లాం. బెంగాలీవాడే గానీ మన తెలుగు అర్థమవుతుంది. రేడియోలు బాగుచేస్తాడు, తనే సెట్లు బిగించి అమ్ముతాడు. దాదా ముందుగా చిన్న ఆంప్లిఫయర్ దించాడు, టిఫిన్ డబ్బా అంతే ఉంది. “బౌదీ, చిన్న ఇంటికి ఇది చాలు,” అని నన్ను వదిన వరస పిలిచి, బెంగాలీలో చెప్పి పాట పెట్టాడు.

లీల నా పక్కనే నిలబడి పాడినట్టుంది. పాట అందుకునే ముందు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. నాకు తెలియకుండానే పక్కకి తిరిగి చూశాను.

“ఇది గుయ్యిమంటంది గానీ ఏటీ నేదు. ఇంకోటి సూపించు దాదా,” అన్నాడు ఆయన.

రెండోది పెద్దది. “డోలు తెలస్తంది, పిల్ల నేదు,” అన్నాడు. మూడోదానికి వాల్యూము నాబ్ తిప్పించాడు. పెంచు, ఇంకా పెంచు అంటూనే ఉన్నాడు. రోడ్డు మీద రిక్షాలు ఆగాయి. దాదా చెవులు మూసుకున్నాడు. పిల్ల గొంతు పగిలిపోయి అరుపులా వస్తోంది. నేను ఓర్చుకోలేకపోయాను. ఏడుపు కనపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఆపించయ్యా, దాన్నలా అరిపించకు!” అని కేకేశాను. నావైపే చూస్తున్నాడు, పలకలేదు.

“నోటి మీద గుడ్డ తియ్యే,” అని విసుక్కున్నాడు. “గుడ్డ కప్పుకుని మాటాడితే ఎలాగ ఇనపడతాది?”

ఆ మాట అన్నది ఆయనే. అర్థమైంది మాత్రం నాకు.

బాయిలర్ షాపులో సుత్తుల మోతకి ఒకరి మాట ఒకరికి వినపడదు. పెదవులు చూసే మాట పట్టుకుంటారు. ఇంట్లోనూ అదే అలవాటు. ఆయన ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి చెప్పేవాళ్లం. వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం మగాడి పొగరనుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని ఎన్నిసార్లు తిట్టానో! అది తిట్టనుకున్నానే గానీ నిజమనుకోలేదు. ఎప్పుడు పోయాయో ఆ చెవులు, ఆయనకే తెలియదు. మనుషులకి పెదవులున్నాయి కాబట్టి మనుషులు వినపడుతున్నారు.

దాదా సెట్టు కట్టేశాడు. ఆయన అది తెలియక మళ్లీ పెట్టెకి చెవి ఆనించాడు. దాదా నావైపు చూసి తల దించుకున్నాడు.

కాసేపటికి ఆయన లేచి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “నువ్వు సెప్పు రత్తం. ఏది కొంటే పిల్ల గొంతుక నాకు ఇనపడతాది?”

ఏదీ కాదని చెప్పాలి. పిల్లని ఒకసారి పోగొట్టుకున్న మనిషి చేత, ఆ కొట్టులో మళ్లీ పోగొట్టించమంటారా?

“ఆ సిన్నదే,” అన్నాను. “సెట్టు కాస్త ఏడెక్కితే బాగా పలుకుతాదంట. దాదా సెప్పినాడు.” దాదా ఆ మాట కాదనలేదు. పెట్టెలో గడ్డి పరిచి కట్టి ఇచ్చాడు.

సాయంత్రం ఆయనే తీగలు కలిపాడు. పాట పెట్టి, స్నానం చేసి పూజకి కూర్చున్నవాడిలా ఎదురుగా కూర్చున్నాడు. గది నిండా లీల గొంతు. ఆయన మొహంలో ఏమీ లేదు. “ఇంకా ఏడెక్కనేదేమో,” అన్నాడు. కొంచెం ఆగి మళ్లీ అదే మాట అన్నాడు.

ఇక చూడలేక లేచి వెళ్లి, ఆయనకీ పెట్టెకీ మధ్య కూర్చున్నాను. గొంతు కలపలేదు. లీలతోపాటు పెదవులు మాత్రం కదిపాను. నేను నేర్పిన పాటే కదా, ఒక్క మాట తప్పలేదు.

ఆయన కళ్లు నా నోటి మీద నిలిచాయి. “వస్తంది,” అన్నాడు. “ఒలే, వస్తందే! అద్గదీ, మన పిల్లే!” కళ్లనీళ్లు కారుతుంటే తొడ మీద తాళం వేస్తున్నాడు. తాళం సరిగ్గా పడుతోంది.

రెండో చరణంలో లీల మాట మర్చిపోయింది. పందిట్లో అందరి ముందూ కిలకిలా నవ్వేసింది. నా పెదవులు ఆగిపోయాయి.

“ఏటయినాది? పాట ఆగిపోనాదా?” అన్నాడు.

“నేదయ్యా,” అన్నాను. “నవ్వుతంది.”

ఆయన పక్కకి వంగి నా వెనక పెట్టెలో వెలుగుతున్న దీపాన్ని చూశాడు, తిరుగుతున్న క్యాసెట్టుని చూశాడు. తర్వాత నా నోటిని చూశాడు. తాళం వేసే చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.

“అయితే నువ్వు నవ్వే, రత్తం,” అన్నాడు మెల్లిగా. “నన్నూ సూడనీ.”

నాకు నవ్వు రాలేదు. వెనక పెట్టెలో పిల్ల నవ్వడం అయిపోయి, మళ్లీ పాట అందుకుంది.