గుమ్మంలో ఆగిన బల్ల

క్లబ్బు కిటికీలన్నీ మూసే ఉన్నాయి, అయినా సముద్రపు గాలి లోపలికి వస్తూనే ఉంది, నేను టిఫిను క్యారియరు పట్టుకుని ఆ పొడుగాటి హాల్లో నడుస్తూనే ఉన్నాను, ఎంత నడిచినా పూల్ టేబులు మాత్రం అంతే దూరంలో ఉంటోంది. మిట్టమధ్యాహ్నం. మెంబర్లందరూ భోంచేసి వరండాలో పడక్కుర్చీల్లో పడుకున్నట్టున్నారు, గురక వినిపిస్తోంది గానీ మనుషులు కనిపించడం లేదు. బల్ల పక్కన మా ఆయన నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, పచ్చ బట్ట మీద బ్రష్షుతో ఒకే వైపుకి దులుపుతున్నారు. ఆయన చనిపోయారని నాకు తెలుసు. ఆయనకీ తెలిసే ఉంటుంది. కానీ ఇప్పుడు నా కంగారంతా కూర చల్లారిపోతుందనే.

"ఏం తెచ్చావు, మాణిక్యం?"

"వంకాయ, కారం పెట్టి. ముందు తినండి."

"తలుపు గడియ పెట్టావా?"

ఆ మాటకి నాకు నవ్వొచ్చేస్తుంది. ఆయన కాకినాడలో ఈ క్లబ్బుకి గుమాస్తా, పెళ్ళైన కొత్తలో రోజూ క్యారియరు నేనే తెచ్చేదాన్ని, ఆయన తింటున్నంతసేపూ ఊరికే కూర్చోలేక నేను బల్ల మీది బంతుల్ని చేత్తో దొర్లిస్తుంటే ఒకరోజు లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చి కర్ర నా చేతికిచ్చారు. ఇక అప్పటినుంచి అంతే, మెంబర్లు నిద్రపోతున్నంతసేపూ ఆ బల్ల మాది. కొంగు నడుముకి బిగించి దోపుకోవడం, కర్ర మొనకి నీలం సుద్ద రాయడం, ఊపిరి బిగబట్టి వంగడం, బంతి మూల గుంటలో పడ్డ చప్పుడుకి ఎవరైనా లేచారేమోనని ఇద్దరం కొయ్యబారిపోవడం. ఆ సంగతి బయటికి పొక్కితే ఆయన ఉద్యోగం ఏమయ్యేదో గానీ, మా అత్తగారు మాత్రం నన్ను ఉతికి ఆరేసేవారు.

"పెట్టాను," అని వెనక్కి తిరిగి చూస్తే, గడియ పెట్టి ఉన్న ఆ తలుపు మా ఇంటి పడగ్గది తలుపు.

ఆయన అన్నం కలుపుకుంటున్నారు. నేను బల్ల మీదికి వంగుతాను. నల్ల బంతి ఒక్కటే మిగిలి ఉంది, మూల గుంట అంచున, తుమ్మితే పడిపోయేలా ఉంది. ఎప్పుడూ ఇలాగే మిగిలేది నాకు.

"ఇది మీరు కావాలనే వదిలేసేవారు కదూ? నేను గెలవాలని."

"ఒట్టు. నాకు చేతకాకే."

"నా మీద ఒట్టేసి చెప్పండి."

"పోయినవాడు ఒట్టేస్తే చెల్లదు మాణిక్యం," అంటారు ఆయన, వంకాయ తొడిమ చీకుతూ. బతికున్నన్నాళ్ళూ ఇంతే, సూటిగా అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట ఎంత బాగుందో చెప్పలేను, ఆయన మీద కోపం వచ్చి ఎన్నాళ్ళైందో.

గాలికి బల్ల కదులుతుంది. కదిలిందని నాకేమీ ఆశ్చర్యం వెయ్యదు, ఇద్దరం బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాం, కింద ఉప్పుటేరు నీళ్ళు, వంతెన మీద సైకిళ్ళు పోతున్నాయి, బల్ల తనకి దారి తెలిసినట్టు మా పేట వైపు తిరుగుతోంది. ఆయన కాళ్ళకి చెప్పులు లేవు. ఆయన ఎప్పుడూ ఉత్త కాళ్ళతో బయటికి వెళ్ళే మనిషి కాదు, ఎవరివైనా అడిగి తెద్దామా అనుకుంటాను, ఈలోగా ఆ సంగతే మర్చిపోతాను.

"లారీ పొద్దున్నే వస్తుందటగా?" అంటారు.

"ఫోను చేశారు. బల్ల కావాలో వద్దో గేటు దగ్గరే చెప్పెయ్యాలట."

క్లబ్బు మూసేశారు. సామానంతా అమ్మేస్తుంటే ఈ పాత బల్ల మేం తీసుకుంటామని మాటిచ్చి వచ్చారు ఈయన, పెళ్ళికొడుకులా నవ్వుతూ వచ్చారు, కర్రా సుద్దముక్కా ముందే పట్టుకొచ్చి బీరువా మీద పెట్టారు. బల్ల రాకముందే గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. నిన్న సాయంత్రం ఆ కర్ర దించి ఇల్లంతా కొలిచాను. బల్ల పడితే చాలదు, చుట్టూ కర్ర వెనక్కి లాగేంత చోటుండాలి. హాల్లో అయితే టీవీకి తగులుతోంది. వరండాలో వాన జల్లు. ఉన్నది ఒక్క పడగ్గదే, అదీ డబుల్ కాట్ తీసేస్తేనే.

"అసలు ఎక్కడ పెడదామనుకున్నారండీ? అదొక్కటీ చెప్పండి. మీరేం అనుకున్నారో తెలిస్తే అలాగే చేస్తాను."

ఆయన నీళ్ళల్లోకి చూస్తారు. చెవి గోక్కుంటారు. అద్దె ఇంటికి కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినప్పుడు కూడా ఇలాగే గోక్కున్నారు.

"నిజం చెప్పనా? నేను ఆలోచించనే లేదు."

"ఆలోచించలేదా?"

"మనకొస్తోందన్న సంతోషంలో కొలుచుకోవడం మర్చిపోయాను."

ఇన్నాళ్ళుగా ఆయన జేబులు వెతికాను, ఆయన పడక్కుర్చీలో కూర్చుని ఆయన చూసే వైపే చూశాను, ఏ గోడ పక్కన పెడదామనుకున్నారో తెలుస్తుందేమోనని. తీరా చూస్తే అసలు అనుకోనేలేదట. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

"తాయారు వద్దంటోంది," అంటాను. తాయారు ఆయన చెల్లెలు, నాకు తోడుంటానని వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. "అన్నయ్య పిచ్చి అన్నయ్యతోనే పోయిందొదినా, నీకెందుకీ గుదిబండ అంటోంది."

"నా పిచ్చా?" అంటారు ఆయన, పాపం నిజంగానే తెల్లబోయి.

"అందరూ అలాగే అనుకుంటున్నారు."

"మరి నువ్వు చెప్పలేదూ?"

ఏమని చెప్పను? క్లబ్బు మూసేస్తారట అని ఆయన అన్నం తింటూ అన్నప్పుడు, మరి మన బల్ల ఏమవుతుందండీ అని అడిగింది నేను. దాన్ని మనం తెచ్చుకుందామండీ అని చిన్నపిల్లలా వెంటపడింది నేను. కోరిక నాది. ఈ వయసులో, అదీ ఇప్పుడు, నాకు ఆడుకోవాలనుంది అని ఏ నోటితో చెప్పను? ఆయన పోయారని అందరూ ఏడ్చారు. నాకు ఆట వచ్చని తెలిసిన ఒక్క మనిషీ పోయారని ఏడ్చింది నేనొక్కదాన్నే.

"మీరే చెప్పండి తాయారుతో. మీ మాటైతే వింటుంది. అది నా ముచ్చటేనని మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు."

"నేనెలా చెప్తానే పిచ్చిదానా," అంటారు, ఎంతో నెమ్మదిగా. ఎప్పుడో గాని నన్ను ఏమే అనరు ఆయన.

బల్ల ఆగుతుంది. మా ఇంటి గుమ్మంలో ఆగింది. నేను లోపల ఉన్నాను, ఆయన వీధి వైపు ఉన్నారు, మధ్యలో బల్ల గుమ్మానికి అడ్డంగా. లాగుతాను, రాదు. అటునుంచి ఆయన తొయ్యడం లేదు.

"తొయ్యండీ."

"బొట్టు పెట్టకుండా ఎలా వస్తుంది?" అంటారు. అవును, కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టి గానీ లోపలికి రానియ్యం. కుక్కరుకి పెట్టాం, ఫ్రిజ్జుకి పెట్టాం, ఆయన స్కూటరుకైతే నిమ్మకాయలు కూడా తొక్కించాం.

"నేను పెట్టకూడదు కదండీ ఇప్పుడు."

"ఎవరన్నారు?"

తాయారు అన్నదా? అనలేదు. ఎవరూ అనలేదు. ఎవరూ అనకముందే నేనే గోడ వారకి జరిగి నిలబడుతున్నాను, పెళ్ళిళ్ళల్లో, పేరంటాల్లో. ఆ మాట ఆయనతో చెప్పడానికి సిగ్గేస్తుంది.

"కుంకం భరిణె ఎక్కడుందో కూడా తెలీదు," అంటాను.

ఆయన బల్ల మీద నుంచి ఒంగి చెయ్యి చాపుతారు. అరచేతిలో నీలం సుద్దముక్క, మధ్యలో అరిగి గుంట పడి ఉంది, అది నేను అరగదీసిందే, నేను ఎప్పుడూ సుద్దని నొక్కి రాస్తానని కోప్పడేవారు. ఉంగరం వేలు ఆ గుంటలో అద్ది బల్ల చెక్క మీద బొట్టు పెడతాను. నీలం బొట్టు. బల్ల సులువుగా, అన్నప్రాశన నాటి పాపలా జరజరా లోపలికి వచ్చేస్తుంది. వచ్చాక చూస్తే గుమ్మం ఖాళీగా ఉంది.

"ఏవండీ, ఎక్కడ పెట్టను?"

"నీ బల్ల. నువ్వే చెప్పాలి," అంటున్నారు. గొంతు వీధిలోంచి వస్తోంది, గొంతు వెనక ఏదో హారను మోగుతోంది, మళ్ళీ మోగుతోంది, మళ్ళీ.

లారీ హారను. తెల్లారిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. నేను మంచం మీద నా వైపు అంచునే పడుకుని ఉన్నాను, ఆయన వైపు దుప్పటి నలగలేదు, పక్కన కర్ర ఉంది. రాత్రి గదులు కొలిచి కొలిచి, దాన్ని బీరువా మీద పెట్టబుద్ధి కాక, సుద్దముక్క గుప్పెట్లో పెట్టుకునే నిద్రపోయాను. గుప్పెడు విప్పితే చెయ్యంతా నీలం.

తాయారు కాఫీ గ్లాసుతో వచ్చి, గుమ్మంలోనే ఆగిపోతుంది.

"లారీవాళ్ళొచ్చారు వదినా. వద్దని నేను చెప్పేస్తాను, నువ్వు లేవకు," అంటుంది, అని నా ముఖంలోకి చూసి, "అదేంటి, నుదుటి మీద?"

బీరువా అద్దంలో చూసుకుంటాను. కనుబొమల మధ్య, ఇన్నాళ్ళూ బోసిగా ఉన్న చోట, వేలిముద్రంత నీలం మరక. నిద్రలో చేత్తో రాసుకున్నట్టున్నాను. తాయారు దగ్గరికొచ్చి తన కొంగు అందుకుని తుడవబోతుంది.

"ఉండనీ."

"వదినా..."

"ఆ బల్ల అడిగింది మీ అన్నయ్య కాదు తాయారూ. నేను." మంచం మీది కర్ర చూపిస్తాను. "నాకు ఆడటం వచ్చు. పెళ్ళైనప్పటినుంచీ వచ్చు."

తాయారు నోరు తెరుచుకుని నా నుదుటి కేసి, మంచం మీది కర్ర కేసి మార్చి మార్చి చూస్తుంది. గేటు దగ్గరి నుంచి ఎవరో అరుస్తున్నారు, ఎక్కడ దింపమంటారమ్మా అని.

నేను దిండ్లు తీసి కుర్చీలో పడేస్తాను. పరుపు చుట్టడం మొదలుపెడతాను.

"కాఫీ అక్కడ పెట్టి, ఆ కొస పట్టుకో," అంటాను.