యేసురత్నం ఐదో మాట

యేసురత్నం నోరు మంచిదే, దానికి బ్రేకులే లేవు. ఒకసారి నాచారం చర్చిలో కానుకల ప్రార్థన చెయ్యమంటే, రాష్ట్రపతి దగ్గర మొదలుపెట్టి కార్పొరేటరు బావమరిది దాకా అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పాడు. ఆ ఆదివారం కూరలు మాడిన ఆడవాళ్లు ఇంకా మరిచిపోలేదు. అప్పటినుంచి పాస్టరయ్యగారు అతన్ని ప్రసంగాలు చెప్పే పుల్పిట్ ఛాయలకు రానివ్వలేదు. పుల్పిట్ ఎక్కకుండానే ప్రాణం పోతుందేమోనని యేసురత్నానికి బెంగ.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడాది, అతనికి కలిసొచ్చింది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద గుడ్ ఫ్రైడే నాడు ఏడుగురు ప్రసంగిస్తారు. ఏటా ఐదో మాట చెప్పే ఆయన ఘట్‌కేసర్‌కు ఇల్లు మారిపోయాడు. వేరే దిక్కులేక పాస్టరయ్యగారు గుండె రాయి చేసుకొని, "పది నిమిషాలే, రత్నం" అన్నారు.

ఐదో మాట దాహం గురించి. దాహం గురించి చెప్పేవాడికి దాహమంటే తెలియొద్దూ? గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే శ్రమల దినాలు నలభై రోజులూ యేసురత్నం చాయ్ మానేశాడు. మానేసినవాడు ఊరుకోవచ్చుగా! బస్సులో చెప్పాడు, కంపెనీలో చెప్పాడు, చాయ్ బండి వాడి దగ్గరికి పనిగట్టుకొని వెళ్లి మరీ చెప్పాడు. పైగా ఆ ఏడాది కరెంటు లేక కంపెనీలకు పవర్ హాలిడేలు. ఇంట్లో కూచుని భార్య ఎస్తేరమ్మకు పూటకోసారి ప్రసంగం వినిపించేవాడు. వాసనొస్తే తన నిష్ఠ చెడుతుందని ఇంట్లో పాలు కూడా కాగనివ్వలేదు. ఆమె పాపం పక్కింటి ఈరమ్మ దగ్గరికి పోయి దొంగచాటుగా చాయ్ తాగేది.

"త్యాగమంటే నీకు నొయ్యాలెనయ్యా," అంది ఒకరోజు ఉండబట్టలేక. "గిదేంది, నువ్వు ఇడిసిపెడితే మాకు నొస్తున్నది?"

"దేవుని సంగతులు నీకేం ఎర్క," అని అతను మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆరాధన మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. ఉపవాసంతో ఉన్న జనం రేకుల కింద ఉడికిపోతూ పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. నాలుగో మాటకు లేచిన రిటైర్డ్ హెడ్మాస్టరు చలపతిరావు, "క్లుప్తంగా ముగిస్తాను" అన్నప్పుడల్లా కొత్త కథ ఎత్తుకున్నాడు.

ఎట్టకేలకు యేసురత్నం పుల్పిట్ ఎక్కి గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా ముసలి శాంతాబాయి నాలుకతో పెదాలు తడుపుకుంటోంది. ఆమె పక్కన ఎస్తేరమ్మ, ఇంకోసారి వినడానికి కొంగు నడుముకు దోపుకొని కూచుంది. అతను నోరు తెరవకముందే, కంఠతా వచ్చేసిన మొదటి వాక్యానికి ఆమె పెదాలు కదిలాయి.

త్యాగమంటే నీకు నొయ్యాలె అన్న ఆమె మాట యేసురత్నానికి గుర్తొచ్చింది. చాయ్ వదిలి గొప్పలు పోయాడు గానీ, తనకు ప్రాణమైనది ఇదిగో, ఇప్పుడు నాలుక చివర ఉంది. దాన్ని మింగాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ప్రభువుకు దాహమైంది," అన్నాడు. "మీకూ అయితున్నది. ఆమేన్."

దిగొచ్చి కూర్చున్నాడు.

పాస్టరయ్యగారు చేతి గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆరో మాట చెప్పాల్సిన ఆయన, ఇంకా బోలెడు టైముందని బయట నీడలో నిద్రపోతున్నాడు. లేపుకురావడానికి ఇద్దరు పరిగెత్తారు.

ఎస్తేరమ్మ ఆడవాళ్ల వైపు నుంచి లేచి, జనాన్ని దాటుకుంటూ వచ్చి మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఏమైందయ్యా? జెరమొచ్చిందా? దవాఖానకు పోదామా?"

యేసురత్నం చెప్పాలనుకున్నాడు. చానా చెప్పాలనుకున్నాడు. పెదాలు బిగబట్టి తల అడ్డంగా ఊపాడు.