కెప్టెన్ మోకాళ్ళు

ఫోను మోగేసరికి చోరోంగ్ వంటింట్లో నేల మీద పాత పేపరు పరుచుకుని సోయా మొలకల తోకలు తుంచుతోంది. పెళ్ళయి నలభై రెండు రోజులైంది. ఇద్దరికి సరిపడా మొలకలంటే ఎన్నో ఆమెకింకా తెలియదు. అందుకే ప్రతిసారీ ఆరుగురికి సరిపడా తుంచేస్తుంది. అదీ సరదాగానే ఉంది ఆమెకి.

"చోరోంగా," అన్నాడు అవతల నుంచి ఆమె భర్త ముయోల్. ఆ తర్వాత ఊపిరి తప్ప ఇంకేం వినబడలేదు.

"ఓప్పా! ఏమైంది? మోకాలా? మళ్ళీ కుడిదేనా?" ఓప్పా అన్నది ఆమె అతన్ని ముద్దుగా పిలిచే పిలుపు.

"మోకాలు బాగానే ఉంది. నన్ను కెప్టెన్ని చేశారు."

చోరోంగ్ లేచిన ఊపుకి మొలకలన్నీ గదంతా చెల్లాచెదురయ్యాయి. రేవుపట్నం మొక్పోకి చెందిన ఆక్టోపస్ బేస్‌బాల్ జట్టులో తక్ ముయోల్ పదకొండేళ్ళుగా క్యాచర్. బంతి విసిరే పిచర్ పేరు జనం అరుస్తారు, కొట్టేవాడి పేరు అరుస్తారు. కొట్టేవాడి వెనక మూడు గంటలసేపు గొంతుక్కూర్చుని, వచ్చిన బంతినల్లా పట్టుకునేవాడి పేరు వాళ్ళావిడే అరవాలి. చోరోంగ్ అరుస్తుంది కూడా. గ్రంథాలయంలో రోజంతా గుసగుసగా మాట్లాడే ఉద్యోగం కాబట్టి ఆమె గొంతు ఆదివారాలకి నిండుగా మిగిలి ఉంటుంది.

"ఎందుకు చేశారు? నీ ఆట చూసేనా?" అంది ఆనందం పట్టలేక.

"కాదు. నాకు దేవుడు లేడని."

ఇంటికొచ్చాక వివరంగా చెప్పాడు. మేనేజర్ యోమ్ గారి గదిలో గోడకి ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో ఆటగాడి పేరుకి ఎదురుగా బ్యాటింగ్ సగటు, బూటు సైజు, దేవుడు. పోయినేడాది కెప్టెన్ కొత్తగా చర్చిలో చేరి, సీజన్ ముందు అదృష్టం కోసం పూజలో పెట్టే పంది తలకి మొక్కనన్నాడు. జట్టు వరసగా తొమ్మిది మ్యాచ్‌లు ఓడింది. అంతకు ముందు కెప్టెన్ పంది తలకి మొక్కాడు గానీ, అతను మొక్కాడని చర్చికెళ్ళే కోచ్ నెల్లాళ్ళు అతనితో మాట్లాడలేదు. అప్పుడూ తొమ్మిదే ఓడింది. ఇక ఏ గొడవా లేని మనిషి కావాలని యోమ్ పట్టికలో వెతికితే, ముయోల్ పేరుకెదురుగా దేవుడి గడి ఖాళీగా కనబడింది.

"ఖాళీ చూసి ఇచ్చారా!" అని చోరోంగ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏ గడి చూసి ఇస్తేనేం, ఇచ్చారు కదా."

ముయోల్ నవ్వలేదు. కుడి కాలు దిండు మీద పెట్టుకుని, చోరోంగ్ రాస్తున్న మందు వాసన పీల్చుకుంటూ, "పదకొండేళ్ళు ఎదురుచూశాను చోరోంగా. చొక్కా మీద ఆ 'C' అక్షరం ఒక్కసారైనా వేసుకోవాలని," అన్నాడు మెల్లగా.

ఆ మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. గొంతుక్కూర్చోడానికి తప్ప దేనికీ దాన్ని వంచొద్దని, అదింక లెక్కపెట్టినన్నిసార్లే వంగుతుందని డాక్టరు చెప్పాడు. ఇంట్లో సాక్సులు కూడా చోరోంగే తొడుగుతుంది. అదీ ఆమెకి సరదాయే.

మర్నాడు గురువారం. శుభవార్త వచ్చాక నలుగురికీ తీపి పంచకుండా చోరోంగ్ ఎలా ఊరుకుంటుంది? పొద్దున్నే బజారుకెళ్ళింది. బియ్యప్పిండి తీపి ముక్కలమ్మే దుకాణంలో తెల్లవి, ఆకుపచ్చవి, నువ్వులద్దినవి వరసగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పెద్ద మట్టి పాత్ర మీద మూత తీశారు. ఎర్ర అలసందల పొడి పొరలు పొరలుగా వేసిన ముక్కలు పొగలు కక్కుతున్నాయి. ఆ ఆవిరి మొహానికి తగలగానే చోరోంగ్ ఇంకేమీ ఆలోచించలేదు. "ఇవే. అరవై ముక్కలు. స్టేడియానికి పంపించండి. 'కొత్త కెప్టెన్ ఇంటి నుంచి' అని రాయండి," అంది.

ఆలోచించాల్సింది. ఆ ఎర్ర పొడి ముక్కలు పంది తల పక్కన పెట్టే నైవేద్యమని మొక్పోలో పసిపిల్లలకి కూడా తెలుసు. చోరోంగ్‌కీ తెలుసు. ఆవిరి ముందు గుర్తు రాలేదంతే.

మధ్యాహ్నం రెండింటికి యోమ్ నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, ఒకసారి స్టేడియానికి రావాలి. వెంటనే."

ఆమె వెళ్ళేసరికి యోమ్ గదిలో బల్ల మీద డబ్బా తెరిచి ఉంది. దానికి అటు కోచ్ జెగాల్, ఇటు మల్సూన్ అవ్వ. జెగాల్ చర్చిలో పెద్ద. మ్యాచ్ గెలిచినా ఓడినా తెల్లవారుజామున ఐదింటికి ప్రార్థనలో ఉంటాడు. మల్సూన్ అవ్వ క్లబ్బు యజమానికి తల్లి. ఎనభై ఒక్కేళ్ళు. సముద్రపు నాచు రేకులమ్మి కొడుక్కి జట్టు కొనిపెట్టిన మనిషి. వాళ్ళిద్దరి మధ్యా ముయోల్ నిలబడి ఉన్నాడు, ఎవరు విసిరినా బంతి తనకే తగులుతుందన్నట్టు.

"చూశారా, ఇదీ సంగతి," అన్నాడు జెగాల్, ఒక ముక్కని పెన్నుతో పొడిచి చూపిస్తూ. "నిన్న సాయంత్రం కెప్టెన్ని చేశామా, తెల్లారేసరికి ఇంట్లో పూజ చేసి, ఆ నైవేద్యం నా జట్టుకి తినిపించారు! నా పిచర్లు ముగ్గురు తినేశారు!"

"నాలుగు ముక్కలు నేనూ తిన్నా," అంది అవ్వ. "భలేగున్నాయి. ఏందయ్యా నీ గోల? ఎవరూ చెప్పకుండానే ముందుగా మొక్కు తీర్చుకుంది పిల్ల. ఇట్టాంటి కోడలు నాకు దొరక్కపోయె!"

"మేం ఏ పూజా చెయ్యలేదు కోచ్‌గారూ," అంది చోరోంగ్, బుగ్గలు ఎర్రబడుతుంటే. "వేడిగా ఉన్నాయని కొన్నానంతే."

జెగాల్, అవ్వ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పూట వాళ్ళిద్దరికీ కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అదే: ఆమె మాట నమ్మశక్యంగా లేదు.

"ఈ మకిలి పోవాలంటే దారొకటే," అన్నాడు జెగాల్. "రేపటి నుంచి నలభై రోజులు తెల్లవారుజాము ప్రార్థనకి రావాలి. నాతో పాటు మోకరించాలి. అప్పుడే 'C'."

"సరేనండీ," అన్నాడు ముయోల్.

"వాడు ఎక్కడ మోకరిస్తే నాకేం," అంది అవ్వ. "రేపు పొద్దున పంది తల వస్తంది. ముందు దానికి మొక్కాల. మోకాళ్ళు, నుదురు నేలకి తగలాల. మూడుసార్లు. అది కాకుంటే 'C' లేదు, గీ లేదు."

"సరే అవ్వగారూ," అన్నాడు ముయోల్.

యోమ్ గొంతు సవరించుకున్నాడు. ఆయన బౌద్ధుడు, తగవులంటే భయం. "ఇలా అయితే పట్టికలో చర్చి వైపూ, పంది వైపూ బరువు పెరిగిపోయింది. సమతూకం కోసమైనా ఆలయంలో మోకాళ్ళ మీద నూట ఎనిమిది నమస్కారాలు చేసేస్తే ఎవరికీ మాట ఉండదు."

"సరే," అన్నాడు ముయోల్. వచ్చిన బంతినల్లా పట్టుకోవడం పదకొండేళ్ళ అలవాటు. వదిలెయ్యడం అతనికి రాదు.

చోరోంగ్ మనసులో లెక్కేసుకుంది. మూడు, నూట ఎనిమిది, ఆపైన నలభై తెల్లవారుజాములు. శనివారం సీజన్ మొదటి మ్యాచ్. ఈ లెక్కన ఆ మోకాలు శుక్రవారం కూడా దాటదు. ఏ ఒక్కరికి కాదన్నా 'C' పోతుంది. అందరికీ ఔనంటే 'C' చొక్కా మీదుంటుంది, చొక్కా మాత్రం మంచం మీదుంటుంది. ఇదంతా తను కొన్న అరవై ముక్కల వల్ల.

"మీ దేవుళ్ళందరికీ ఆయన మోకాళ్ళే కావాలా అండీ?" అంది ఉండబట్టలేక. "చేతులు బాగున్నాయి. భుజాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. వాటిని అడగమనండి."

ముయోల్ చెవులు కందిపోయాయి. మాట మార్చాలని యోమ్ తొందరపడ్డాడు. "అన్నట్టు, కొత్త కాపురం పెట్టి నెలన్నరైంది కదమ్మా. మా అందరికీ గృహప్రవేశం విందెప్పుడు?"

"అదీ నిజమే," అన్నాడు జెగాల్ ముభావంగా. "మీకు తెచ్చిన బహుమతి పెళ్ళినాటి నుంచీ నా కారు డిక్కీలోనే పడి ఉంది. ముప్పై చుట్టలు. సామాను పెట్టుకోడానికి చోటే లేదు."

"ఏం చుట్టలు కోచ్‌గారూ?"

"అదేం ప్రశ్న? టాయిలెట్ పేపరు. కొత్త కాపురానికి ఇంకేం తెస్తారు?"

చోరోంగ్ తల నెమ్మదిగా పైకెత్తింది. "ఎందుకని అదే తేవాలి?"

"ఎందుకేంటమ్మా! చుట్ట అడ్డం లేకుండా ఎలా విచ్చుకుంటూ పోతుందో కాపురం కూడా అలా సాఫీగా సాగాలని. అందరికీ తెలిసిందే."

"బైబిల్లో ఎక్కడుంది కోచ్‌గారూ అది?"

జెగాల్ పెన్నుకంటిన పిండి తుడుచుకున్నాడు. "ఎక్కడా లేదనుకో," అన్నాడు. "అయినా అది తీసుకెళ్ళకుండా ఎవరైనా కొత్తింటికి ఎలా వెళ్తారు? మా పాస్టరు గారి ఇంటికి కూడా అదే తీసుకెళ్ళాను."

"నేనూ ఒక మూట తీసిపెట్టా," అంది అవ్వ. "మూడు పొరలది. పువ్వులచ్చు."

"నాది స్టోర్‌రూములో ఉంది," అన్నాడు యోమ్ సిగ్గుపడుతూ. "మా ఆలయంలో కొత్త మంటపం కట్టినప్పుడు భిక్షువులకి కూడా ఇచ్చాం. వాళ్ళు కాదనలేదు."

"అయితే ముగ్గురూ నమ్మేది ఒకటుంది," అంది చోరోంగ్. ఆనందం తన్నుకొస్తుంటే గొంతు గ్రంథాలయం స్థాయిలో ఉంచడం కష్టంగా ఉంది. "దానికి మోకాళ్ళు అక్కర్లేదు. కెప్టెన్ హోమ్ ప్లేటు దగ్గర, అంటే రోజూ గొంతుక్కూర్చునే చోటే, నిలబడి చుట్టని మైదానం అవతల ఎదురుగా ఉన్న సెకండ్ బేస్ వైపు దొర్లిస్తాడు. సీజన్ అంతా అలాగే సాగుతుంది. ఎవరు తప్పంటారు?"

జెగాల్ పెన్ను మూత పెట్టాడు. "ఇందులో విగ్రహం లేదు," అన్నాడు చివరికి. "వాక్యం ప్రకారం చూసినా అభ్యంతరం కనబడదు."

"మరి నా పంది?" అంది అవ్వ.

"ఎవరూ మొక్కకపోతే అది ఉడికించిన మాంసమే కదండీ," అన్నాడు జెగాల్, మొదటిసారి మెత్తబడి. "ఆవాలతో బాగుంటుంది."

"రొయ్యల ఊరగాయతో బాగుంటది. నీకు తినడం కూడా రాదు," అంది అవ్వ. అంటే ఒప్పుకున్నట్టే.

యోమ్ అప్పటికే కాలిక్యులేటర్ తీశాడు. "ఒక్క చిక్కుంది. హోమ్ ప్లేటు నుంచి సెకండ్ బేస్‌కి ముప్పై తొమ్మిది మీటర్లు. ఒక్కో చుట్టేమో ముప్పై మీటర్లే."

"అయితే పిచర్ దాకా చాలు," అన్నాడు ముయోల్. గదిలో అతని నోట 'సరే' కాని మాట రావడం అదే మొదలు.

"సగం దారిలో ఆగే అదృష్టం నాకొద్దు!" అని అవ్వ బల్ల మీద చరిచింది. "రెండు చుట్టలు అతకండి."

"ఎవరి చుట్ట ముందు?" అన్నాడు జెగాల్ వెంటనే.

మళ్ళీ మొదలవబోతోంది. చోరోంగ్ చెయ్యెత్తింది. "మా ఇంట్లో వాడుతున్న చుట్టలే తెస్తాను. వాటికి ఏ దేవుడూ లేడు. సాయంత్రం గంజితో నేనే అతికిస్తా."

జెగాల్ జేబులోంచి ఒక చిన్న కవరు తీసి కాసేపు చేతిలో తిప్పాడు. తర్వాత దాన్ని ముయోల్‌కి కాదు, చోరోంగ్‌కి ఇచ్చాడు. లోపల తెల్లని 'C' అక్షరం ఉంది. "గంజితో కాదమ్మా, ఇది దారంతో. గట్టిగా కుట్టు. మోకాళ్ళు జాగ్రత్తగా చూసుకో."

ముయోల్ ఆ అక్షరాన్ని వేలితో ఒకసారి తాకి, పారిపోతుందేమో అన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చోరోంగ్ అతని వేలు పట్టుకుని మళ్ళీ దాని మీదే పెట్టింది.

యోమ్ పట్టికలో ముయోల్ పేరుకెదురుగా ఉన్న ఖాళీ గడి ముందు పెన్సిలు పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి అందులో ఒక చిన్న చుట్ట బొమ్మ గీశాడు. తర్వాత మైకు అందుకున్నాడు. స్టేడియమంతా మోగింది.

"ఆటగాళ్ళందరికీ మనవి. రేపు ఉదయం పదింటికి హోమ్ ప్లేటు దగ్గర అందరూ హాజరు కావాలి. కెప్టెన్ చుట్ట దొర్లిస్తారు. సముద్రం వైపు నుంచి గాలి ఉంటుంది కాబట్టి ఎడమ పక్క ఫీల్డర్లంతా వరసగా నిలబడి గాలికి అడ్డం ఉండాలి. ఎవరూ తుమ్మకూడదు. పదకొండింటికి పంది తల భోజనం."

"చుట్ట మూడు పొరలదే ఉండాలని చెప్పు," అంది అవ్వ పక్క నుంచి. "రెండు పొరలదైతే చినుగుద్ది."