వదినమ్మ జిందాబాద్

"రేపు బంద్ గదా, పొద్దుగాల మన పార్టీ పోరగాండ్లకు ఉప్మా జెయ్యి. వంద మంది దాంక ఉంటరు," అన్నాడు మా ఆయన చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

నేను మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. "రేపు నాకు ఆఖరు పరీక్ష," అన్నాను.

"పరీక్షలు గూడ బందే. కాలేజీ గేట్లన్ని మూయిస్తున్నం."

"పరీక్ష ఆగదని సర్కారు పేపర్ల ఏయించింది."

"అందుకే మూయిచ్చేది," అని నవ్వుకుంటూ పోయాడు.

బంద్ మిర్చి ధర కోసం. నెక్కొండ నుంచి, మరిపెడ నుంచి వచ్చిన రైతులు ఎనుమాముల మార్కెట్లో బస్తాల మీదే పడుకుంటున్నారు. న్యాయమైన పోరాటమే. అదే నా చావుకొచ్చింది. అన్యాయమైనదైతే నోరు చేసుకుని అయినా పోరాడేదాన్ని.

మా ఆయన రాజేశ్వర్ రావు చదువు గురించి, రాజకీయం గురించి జనం మీటింగుల్లో కథలు కథలుగా చెబుతారు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతబడ్డప్పుడు ఆయన చదువూ నా చదువూ ఒక్కసారే ఆగాయి. ఆయన హన్మకొండ చౌరస్తాలో లాఠీ దెబ్బలు తిని లీడరయ్యాడు. పిల్ల ఖాళీగా ఎందుకుండాలని నాకు పెళ్లి చేశారు. ఇద్దరమూ అదే ఏడాది చదువు పోగొట్టుకుంటే ఆయనకు రాజకీయం దొరికింది, నాకు ఆయన దొరికాడు. తర్వాత ఎమర్జెన్సీలో ఆయన్ని జైల్లో పెట్టారు. అక్కడే కూర్చుని లా పరీక్షలకు చదివి పాసయ్యాడు. "జైల్ల గూడ సదువుకున్న మనిషి" అని ఇప్పటికీ దండ వేసే ముందు ప్రతివాడూ చెబుతాడు. మెచ్చుకోవలసిందే, కాదనను. కానీ అక్కడ ఆయనకు వండే పని లేదు, మంచంలో ఉన్న మామయ్యకు బట్టలు మార్చే పని లేదు, ఇద్దరు పిల్లల జ్వరాలు లేవు, వచ్చిన ప్రతి మనిషికీ చాయ్ పెట్టే పని లేదు. చదవక ఏం చేస్తాడు? ఆయనకు జైల్లో దొరికిన తీరిక నాకు ఇంట్లో దొరకలేదు. ఈ మాటే ఒకసారి అత్తమ్మతో అంటే, "నీ నోట్ల మన్నువడ, జైలుకు వోతవా ఏంది?" అని చెంపలు వేసుకుంది. తీసుకుపోతే పోయేదాన్నే.

ఆయన ఎంపీ అయిన ఏడాదే నేను ఓపెన్ యూనివర్సిటీలో బీఏకు చేరాను. ఢిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ వాళ్ల పార్టీ ఎదురుపక్షమే కాబట్టి ఆయనకు ఎప్పుడూ ఏదో ఒక ధర్నా. పప్పు ఉడికేలోపు ఓ పేజీ, అత్తమ్మ కునుకు తీసేలోపు ఓ పేజీ చదివాను. "గీ వయసుల డిగ్రీ దేనికే? ఓట్లడుగుతవా?" అనేవాడు. నాకోసమే అంటే ఇంకా నవ్వుతాడని ఊరుకునేదాన్ని. వచ్చే నెల మా మకాం ఢిల్లీ క్వార్టర్‌కు. పనుల మీద వచ్చే జిల్లా వాళ్లకు అక్కడి రొట్టెలు పడటం లేదట. వాళ్లకు అన్నం వండిపెట్టడానికి నేను పోవాలి. అంటే ఈ పేపరు రేపు రాస్తే రాసినట్టు. లేకపోతే నా చదువు మళ్లీ అంతే.

పొద్దున ఉప్మా గంగాళం దించి, చీర మార్చుకుని, వెనక దర్వాజా నుంచి బయటపడ్డాను. బస్సుల్లేవు, రిక్షాల్లేవు. నడిచాను. మూసిన దుకాణాల మధ్య ఒక్కదాన్నే పోతుంటే దొంగతనానికి పోతున్నట్టే ఉంది.

కాలేజీ గేటుకు గొలుసు వేసి, జెండా కట్టి, ముందర మా ఇంట్లో రోజూ తినే సారయ్య పదిమంది పిల్లలతో కూర్చున్నాడు. పరీక్షకొచ్చిన ఆడవాళ్లు కొందరు గోడవారగా నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే సారయ్య ఎగిరి లేచాడు.

"అరె, బంద్‌కు వదినమ్మనే వచ్చిందిరా! అన్న ఇంట్లకెళ్లి వదినమ్మనే వచ్చింది!"

"నేను పరీక్షకొచ్చిన సారయ్యా," అన్నాను. ఎవరికి వినబడుతుంది? అప్పటికే జిందాబాద్‌లు మొదలయ్యాయి. అన్నకోసం తెచ్చిన దండ నా మెడలో పడింది. చేతిలో జెండా పెట్టారు. ఎవడో ఫోటో తీశాడు. నన్ను గేటుకు ఆనించి నిలబెట్టారు.

గోడవారగా ఉన్నవాళ్లలో వజీరా ఉంది. ఆదివారం క్లాసుల్లో నా పక్కన కూర్చునేది. బంద్ అని నిన్ననే నెక్కొండ నుంచి వచ్చి చుట్టాలింట్లో ఉంది. దగ్గరికొచ్చింది.

"అక్కా, నువ్వు గూడ గేటుకు అడ్డం నిలవడ్డవా?"

"కాదు వజీరా, నేను గూడ..."

"మీకేం ఫికరక్కా, ఎంపీ సాబ్ ఇల్లు. మా ఇంటాయన పరీక్షకు గీ ఒక్కపారే పంపుత అన్నడు." బురఖా ముసుగు దించుకుని వెళ్లిపోయింది. భూమి చీలితే బాగుండనిపించింది.

"వదినమ్మ రెండు ముచ్చట్లు చెప్తది!" అని సారయ్య మైకు నా నోటి ముందు పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మైకు ముట్టలేదు. అయినా అన్నాను.

"ఇయ్యాల నాకు పరీక్ష ఉన్నది. గీ ఆడోళ్లందరికి ఉన్నది. రైతుకు ధర గావాలె. మాకు మా పరీక్ష గూడ గావాలె. గేటు తియ్యుండ్రి."

"వదినమ్మా!" అని సారయ్య గొంతు చించుకున్నాడు. "జిందాబాద్!" అన్నారందరూ. చప్పట్లు కొట్టారు. లోపల పరీక్ష గంట కొట్టారు. గేటు తియ్యలేదు.

మధ్యాహ్నం ఆయన ఎంతో హుషారుగా భోజనానికి వచ్చాడు. ఇన్నేళ్లలో నన్ను చూసి అంత సంబరపడటం నేనెరుగను.

"గేటు కాడికి పోయినవట గదా! సారయ్య ఒక్కటే మెచ్చుకునుడు. మైకుల గూడ మాట్లాడినవట?"

"మాట్లాడిన."

"మస్తు మాట్లాడినవట."

"ఏం మాట్లాడిన్నో చెప్పిండ్రా?"

ఆయన ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఏదైతేందే? ఎంపీ పెండ్లాం మాట్లాడింది, జనం చప్పట్లు గొట్టిండ్రు. ఏమన్నదని ఎవరడుగుతరు?"

"నేనడుగుతున్న," అన్నాను.

అప్పటికే ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.